గ్రంథాలయోద్యమము - గృహపఠనము

ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమ చరిత్రను చెప్పువారు సాధారణముగా మూడు ఘట్టములను పేర్కొందురు. 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలయుట మొదటిది. 1914 ఏప్రిలు 10వ తేదీన విజయవాడలో ప్రథమాంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరుగుట రెండవది. మద్రాసు రాష్ట్రమున 1948లోను, హైదరాబాదు రాష్ట్రమున 1955లోను, ఆంధ్రప్రదేశమున 1960లోను పౌర గ్రంథాలయ శాసనములు పుట్టుట మూడవది. ఈ క్రమమున దోషము లేదు. అయితే ఇందు సభలున్నవి, సంఘములున్నవి, తీర్మానములున్నవి, భవనముల శంకుస్థాపనలున్నవి. పాఠకుని ఇల్లు మాత్రము లేదు. బీరువానుండి వెడలిన గ్రంథము ఏ గుమ్మము దాటినది, ఆ ఇంట దాని నెందరు చదివిరి లేక వినిరి, వారిలో గ్రంథాలయపు మెట్లు తాము స్వయముగా నెక్కినవారెందరు అను ప్రశ్నలు చరిత్రకారులకు చిన్నవిగా తోచియుండును. నాకు మాత్రము ఉద్యమముయొక్క బలమును, కొరతయు ఈ ప్రశ్నలయందే యున్నట్లు తోచుచున్నది.

నేను ప్రతిపాదింపదలచిన విషయ మిది. మన ఉద్యమకారులు గ్రంథమును ఇంటికి చేర్చుటలో అసాధారణమైన దీక్షను చూపిరి. ఇంటిని గ్రంథమునొద్దకు చేర్చుటలో, అనగా తల్లి, తండ్రి, పిల్లలు, పెద్దలు కలసి గ్రంథాలయమునకు వచ్చు అలవాటును నెలకొల్పుటలో, అంత దీక్ష చూపలేదు. పైకి ఈ రెండును ఒకటే యనిపించును, ఫలితములు వేరు.

ముద్రణకు పూర్వపు పఠనమును ముందుగా గమనింపవలెను. తాళపత్ర గ్రంథము ఏకాంతముగా చదువుకొనుట కేర్పడినది కాదు. ఒకరు చదువగా పదుగురు వినెడివారు. దేవాలయ మంటపమునగాని, చావడిలోగాని, సంపన్న గృహస్థుని అరుగుమీదగాని పురాణము సాగుచున్నప్పుడు వినవచ్చువారు కుటుంబములుగా వచ్చెడివారు. స్త్రీలు ఒక ప్రక్కను, పురుషులు ఒక ప్రక్కను కూర్చుండినను, ఇంటికి మరలిన పిమ్మట ఆ కథను గూర్చిన మాట అందరికిని ఉమ్మడి సొత్తు. అవ్వ విన్న ఘట్టము మనుమనికి తెలియును. తండ్రికి నచ్చిన పద్యము తల్లికిని నోటికి వచ్చును. అక్షరము రాకపోవుట ఆ సభలో ప్రవేశమునకు అడ్డు కాలేదు. ఆ కాలమును బంగారు కాలమని చెప్పుట నా ఉద్దేశము కాదు. వినువారికి ఏ గ్రంథము వినవలెనో నిర్ణయించుకొను హక్కు లేదు. వర్ణభేదములు ఎవరెంత దూరమున కూర్చుండవలెనో శాసించినవి. అయినను గ్రంథశ్రవణము కుటుంబ కార్యమై యుండెననుట నిస్సందేహము.

అచ్చుపుస్తకము వచ్చినది. ఒకడే కూర్చుండి మౌనముగా చదువుకొనుట సాధ్యమైనది. విద్య ఎవరికి లభించినదో వారికే ఆ మౌనపఠనమును లభించినది. పందొమ్మిదవ శతాబ్ది చివరిభాగమున మన పట్టణములలో ఆ భాగ్యము చాలవరకు మగపిల్లలది. కావున ముద్రణవలన పఠనము విస్తరించినదని మనము చెప్పుకొనుచుండగా, అదే ముద్రణవలన ఒక ఇంటనే చదువువారు, చదువనివారు అను రెండు తెగలు ఏర్పడినవని గూడ చెప్పుకొనవలెను.

ఈ చీలికను ఒక గృహమెట్లు దాటినదో భండారు అచ్చమాంబ జీవితము తెలుపును. ఆమె 1874లో జన్మించినది. బాల్యముననే వివాహమైనది. పాఠశాల చదువు లేదు. తండ్రి చిన్ననాడే గతించుటచే తల్లియు, తమ్ముడును ఆమె యింటనే పెరిగిరి. ఆ తమ్ముడే కొమర్రాజు లక్ష్మణరావు. తమ్ముడు పాఠములు చదువుకొనుచుండగా ప్రక్కన కూర్చుండి అక్క అక్షరములు నేర్చినది. తెలుగుతో పాటు హిందీ, మరాఠీ భాషలను గూడ అభ్యసించినది. అట్లు నేర్చిన యామె భారతదేశ స్త్రీల చరిత్రలను కూర్చి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రచించినది. 1902లో ఓరుగంటి సుందరీరత్నమాంబతో కలసి బందరులో బృందావన స్త్రీసమాజమును స్థాపించినది. 1905లో ముప్పదియేండ్లు దాటిన కొలది కాలమునకే మరణించినది.

ఈ వృత్తాంతమును స్త్రీవిద్యా చరిత్రలో చెప్పుదురు. గ్రంథాలయోద్యమ చరిత్రలో చెప్పరు. చెప్పవలెనని నా మనవి. హైదరాబాదు భాషానిలయ స్థాపకులలో లక్ష్మణరావు ప్రముఖుడు. తరువాత 1906లో వెలసిన విజ్ఞాన చంద్రికా మండలికి ఆయనయే ప్రాణము. ప్రజలకు గ్రంథములు కావలెనను ఆయన సంకల్పమునకు కారణములు అనేకములుండవచ్చును. వానిలో ఒకటి మాత్రము ఆయన యింటిలోనే కంటి యెదుట నున్నది. ఒకే దీపము వెలుగున ఇద్దరు కూర్చుండి చదివినచో ఏమి జరుగునో ఆయన ఎరుగును. ఆయన యిట్లు తలచెనని నేను నిరూపింపజాలను. అయినను ఆ సంకల్పమును ఇంటినుండి వేరుచేసి చెప్పుట న్యాయము కాదని తోచును.

భాషానిలయము పుట్టినదియు ఇంటిలోనే. మునగాల రాజా నాయని వేంకటరంగారావు, కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు మొదలగువారు పూనుకొని, హైదరాబాదు రెసిడెన్సీ బజారులో రావిచెట్టు రంగారావుగారి గృహముననే దానిని ప్రారంభించిరి. నిజాము రాజ్యమున నాడు రాజభాష ఉర్దూ. తెలుగు గ్రంథములకొక చోటు కావలెనన్నచో ఒక గృహస్థుడు తన ఇంటి తలుపు తెరువవలసి వచ్చినది. 1910లో రంగారావుగారు మరణించిన పిమ్మట ఆయన సతీమణి లక్ష్మీనరసమ్మగారు నిలయమునకు భవనము సమకూరుటకై విరాళ మిచ్చిరి. చరిత్రలలో ఈ విరాళము ఒక వాక్యముతో ముగియును. ఒక స్త్రీ తన ఇంటనుండి లేచిపోయిన సంస్థను మరల నిలువబెట్టుటకు ధనమిచ్చినది. ఆ సంస్థ పఠనమందిరమున నాడు ఎందరు స్త్రీలు కూర్చుండి చదువగలిగిరి? ఈ రెండు విషయములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినప్పుడే మన ఉద్యమ స్వరూపము బోధపడును.

సర్కారు జిల్లాలలో కథ కొంత వేరు. అచ్చట రాజభాషా సమస్య యంత తీవ్రము కాదు. జాతీయ చైతన్యము ముఖ్యము. 1911లో విజయవాడలో రామమోహన ధర్మపుస్తక భాండాగారము వెలసినది. అయ్యంకి వేంకటరమణయ్య దానికి కార్యదర్శియై, గ్రామగ్రామమున గ్రంథాలయములను పరస్పరము కలుపు సంఘ మొకటి యుండవలెనని తలచి, 1914 మహాసభకు కారకుడయ్యెను. ఆ సభకు అధ్యక్షుడు చిలకమర్తి లక్ష్మీనరసింహము. చిలకమర్తివారు చూపు కోల్పోయిన కవి. ఇతరులు చదువగా వినుచు, తాము చెప్పగా ఇతరులు వ్రాయుచు సాహిత్యమును సృష్టించినవారు. పఠనోద్యమమునకు తొలి మహాసభాధ్యక్షుడు వినికిడి పాఠకుడగుట యాదృచ్ఛికమే కావచ్చును. గ్రంథమును కంటితో చదువువాడు మాత్రమే పాఠకుడని తలచు మనకు మాత్రము అది మంచి జ్ఞాపిక.

ఆ సభవలన పుట్టిన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము దేశముననే మొదటిది. దాని పిమ్మట గ్రామములలో చిన్నచిన్న పఠనమందిరములు వెలసినవి. వానిలో ననేకమునకు సొంత భవనములు లేవు. బడి, గుడి, సత్రము, చావడి, ఇంటి అరుగు - వీనిలో ఏదో యొకటి ఆశ్రయము. ఈ అరుగును గూర్చి కొంత ఆలోచింపవలెను. తెలుగువారి ఇంటిలో అరుగు ఇల్లును కాదు, వీధియు కాదు. రెంటికిని నడిమి చోటు. అచ్చట కూర్చుండి పత్రికను బిగ్గరగా చదువుట అక్షరము రాని రైతులకు దేశవార్తలను వినిపించిన పని. అదే పత్రిక వాకిలి వెనుక నిలుచున్న స్త్రీల చెవులను గూడ పడియుండునని ఊహించుట కష్టము కాదు. కాని అరుగుమీద కూర్చుండువారు పురుషులు. అరుగునుండి పఠనమందిరము సొంత భవనమునకు మారినప్పుడు ఏమైనది? పురుషులు దానితో పాటు నడచిపోయిరి. వాకిలి వెనుక నిలుచున్నవారు వాకిలి వెనుకనే మిగిలిరి. భవనము కట్టుకొనుట ప్రతి గ్రంథాలయ చరిత్రలోను విజయఘట్టము. ఆ విజయమునందే ఈ నష్టమును దాగియున్నది.

కార్యకర్తలకు ఈ లోపము కనబడలేదని చెప్పుట అన్యాయము. కనబడినది, వారు కనుగొన్న ఉపాయము గ్రంథమునే ఇంటికి పంపుట. స్త్రీలకు ఇంటికడనే పుస్తకములిచ్చి, చదివిన పిమ్మట తిరిగి తెచ్చుకొను పద్ధతి పలుచోట్ల నడచినది. ఈ భావము పరాకాష్ఠ నందుకొనినది 1935లో. పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువమీద, నాటి గుంటూరు జిల్లాలోని కొల్లూరు, పెదవడ్లపూడి గ్రామముల నడుమ పడవ గ్రంథాలయమును నడిపిరి. నాడు ఆ ప్రాంతమున కాలువయే రహదారి. ధాన్యమును, మనుష్యులును పడవలమీదనే సాగిపోవుచుండిరి. పడవ ప్రయాణము తీరికతో కూడినది. ఆ తీరికకు గ్రంథమును జోడించుట, కాలువ వెంబడి గ్రామములకు పుస్తకములను అందించుట ఆ ప్రయత్నమున గల రెండు ప్రయోజనములు. ఇంతకు నాలుగేండ్లముందు, 1931లో, తంజావూరు జిల్లా మన్నార్గుడిలో ఎడ్లబండిమీద సంచార గ్రంథాలయము బయలుదేరినది. తమిళదేశమునకు బండియు, కృష్ణా డెల్టాకు పడవయు తగిన వాహనములు. భూమి స్వభావమునుబట్టి గ్రంథాలయమును మలచిన ఈ నేర్పును నేను మిక్కిలిగా గౌరవింతును. మన ఉద్యమమున దీనికి మించిన కల్పన లేదు.

అయినను ఒక మాట చెప్పక తప్పదు. ఇంటికి వచ్చిన గ్రంథము ఎవరో ఎన్నుకొనినది. భర్తయో, కుమారుడో, సేవాభావముగల కార్యకర్తయో ‘ఈమెకు ఇది తగును’ అని తలచి తెచ్చినది. తెచ్చినవాని సద్బుద్ధిని శంకింపనక్కరలేదు. ఫలితము మాత్రము ఒక్కటే. స్త్రీకి పాతివ్రత్య కథలు, పాకశాస్త్రము, భక్తి గ్రంథములు, పిల్లవానికి నీతికథలు, యజమానికి చరిత్ర, రాజనీతి, నవల. బీరువా యెదుట నిలుచుండి, తనకు తెలియని గ్రంథము నొకదానిని దించి, రెండు పుటలు తిప్పి, నచ్చక మరల పెట్టి, వేరొకటి దించు స్వేచ్ఛ గ్రంథాలయమునకు స్వయముగా వచ్చినవారికే లభించును. చదువుటకన్న ముందు ఎన్నుకొనుట యొకటి యున్నది. దానిని ఇంటికి మోసికొనిపోవు వాహనము లేదు.

ఇది నేటి ఆలోచనను నాటివారిమీద రుద్దుట కాదా యని అడుగవచ్చును. కాదనుటకు బరోడా సంస్థానము సాక్ష్యము. మహారాజు మూడవ సయాజీరావు 1910లో విలియం ఆలన్సన్ బోర్డెను అను అమెరికా గ్రంథాలయ నిపుణుని రప్పించి, తన సంస్థానమున పౌరగ్రంథాలయ వ్యవస్థను నెలకొల్పెను. గ్రంథములను పెట్టెలలో నుంచి గ్రామములకు పంపు సంచార శాఖ అచ్చటను ఉండెను; ఆ విషయమున బరోడాకును మనకును పోలిక గలదు. అయితే రాజధానిలోని కేంద్ర గ్రంథాలయమున స్త్రీలకు ప్రత్యేక విభాగమును, పిల్లలకు ఆటలు, బొమ్మలు, పుస్తకములు గల ప్రత్యేక మందిరమును గూడ ఏర్పడినవి. అనగా ఒక ఇంటివారందరును ఒకే కప్పు క్రిందకు వచ్చి, తమతమ వయస్సునకు, అభిరుచికి తగిన చోటు చూచుకొనగల ఏర్పాటు 1910వ దశకముననే భారతదేశమున ఉన్నది. ఈ ఏర్పాటు మనవారికి తెలియనిదియు కాదు. 1919 నవంబరులో మద్రాసున ఆంధ్రుల పూనికతో జరిగిన అఖిలభారత గ్రంథాలయ మహాసభకు అధ్యక్షత వహించినవాడు బరోడా గ్రంథాలయశాఖకు చెందిన కుదాల్కరే.

తెలిసియు చేయకపోవుటకు ప్రధాన హేతువు ధనము. బరోడాలో ఖజానా రాజుది. ఆంధ్రదేశమున గ్రంథాలయము చందాలమీద, దాతలమీద, పండుగనాటి బియ్యపు పిడికెళ్లమీద నడచినది. ఒక గది, రెండు బీరువాలు, నాలుగు బల్లలు ఉన్నచో అదియే గొప్ప. వేటపాలెములో 1918లో ఊటుకూరి వేంకటసుబ్బరాయ శ్రేష్ఠిగారు యువజనులతో ప్రారంభించి, కాలక్రమమున సారస్వత నికేతనముగా పెంపొందించిన సంస్థకు 1929లో మహాత్మాగాంధి శంకుస్థాపన చేయు భాగ్యము కలిగినది. పాత పత్రికల నిలువచే అది నేటికిని పరిశోధకులకు పుణ్యక్షేత్రము. అట్టివి ఎన్ని? అధిక సంఖ్యాకములైన గ్రామ గ్రంథాలయములు స్త్రీలకు వేరు గది, పిల్లలకు వేరు బీరువా అను ఊహకైనను తావులేనంత ఇరుకైనవి. ఉద్యమము జాతీయ పోరాటముతో పెనవేసికొని యుండుట మరియొక హేతువు. పోలీసుల కంటబడిన పఠనమందిరమునకు కుటుంబముతో పోవుటకు గృహస్థులు సంకోచించుటలో ఆశ్చర్యము లేదు.

తెలంగాణమున ఈ సంకోచము ఇంకను ఎక్కువగా నుండవలసినది. సభలకు సైత మనుమతి కావలసిన రాజ్యమది. అయినను అచ్చట ఒక విశేషము గలదు. 1921లో ఏర్పడిన ఆంధ్ర జనసంఘము గ్రంథాలయ స్థాపనమును తన ముఖ్యాశయములలో చేర్చుకొనినది. దాని పరిణామమైన ఆంధ్ర మహాసభ 1930లో జోగిపేటలో మొదటిసారి సమావేశమైనప్పుడు, దానితో పాటే నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతన ఆంధ్ర మహిళాసభయు జరిగినది. భార్యాభర్తలు ఒకే ఊరికి, ఒకే సందర్భమున పోయి, వేర్వేరు సభలలో కూర్చుండి, ఇంటికి కలసి మరలు పద్ధతి యిది. రాజకీయ సభకు సాధ్యమైనది గ్రంథాలయమునకు అసాధ్యము కానక్కరలేదు. సభ యేడాదికొకసారి; గ్రంథాలయము దినదినము. భేదమంతయు అచ్చటనే యున్నది. ఒకనాడు చేసినది ఉత్సవము, ప్రతివారము చేసినది అలవాటు.

గ్రంథములు గుమ్మము దాటి యింటిలో ప్రవేశించిన పిమ్మట కుటుంబ పఠనము ఎంత ఉత్సాహముతో సాగగలదో పత్రికల చరిత్రవలన తెలియును. 1902లో వెలసిన ‘హిందూసుందరి’, 1928లో కేసరిగారు స్థాపించిన ‘గృహలక్ష్మి’ స్త్రీలను పాఠకులుగా, రచయిత్రులుగా లెక్కించినవి. 1945లో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు వెలువరించిన ‘బాల’, 1947 జూలైలో ఆరంభమైన ‘చందమామ’ పిల్లలకొరకు పుట్టి పెద్దలచే గూడ చదువబడినవి. ‘చందమామ’ ఇంటికి వచ్చిన నాడు ముందెవరు చదువవలెనని జరుగు తగవులు మన తరమువారందరును ఎరిగినవే. ఒకే సంచిక నలుగురి చేతులు మారినప్పుడు కథను గూర్చిన మాట భోజనపు పీటలవద్ద సాగును. పురాణ శ్రవణమువలన ఒకప్పుడు సిద్ధించిన ఉమ్మడి సొత్తు మరల ఏర్పడినది. పత్రిక చేసిన ఈ పనిని గ్రంథాలయము ఇంకను విస్తృతముగా చేయగలిగియుండెడిది. పత్రిక నెలకొకటి, బీరువాలో వేయి గ్రంథములు.

ఇక శాసనముల మాట. మద్రాసు శాసనమునకు ఎస్. ఆర్. రంగనాథన్‌గారి కృషి మూలము. స్వతంత్ర భారతమున నిట్టి రాష్ట్ర శాసనములలో అది మొదటిది. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ శాసనము రెండు ప్రాంతముల వ్యవస్థలను ఏకము చేసినది. జిల్లా గ్రంథాలయ సంస్థలకు ఆధారము గ్రంథాలయ పన్ను. స్థానిక సంస్థలు ఇంటిపన్నుతో కలిపి దీనిని వసూలు చేయును. సవరణల పిమ్మట దీని ప్రమాణము ఇంటిపన్ను రూపాయికి 8 పైసలు. (వసూలైన సొమ్ము గ్రంథాలయ సంస్థకు సకాలమున ముట్టుట లేదనునది వేరు గ్రంథమునకు తగిన విషయము.) శాసనకర్తలు వసూలు సౌకర్యమును మాత్రమే చూచియుందురు. కాని చరిత్ర దృష్టితో చూచినచో ఇందు విశేషార్థము గలదు. పన్ను చెల్లించునది వ్యక్తి కాదు, విద్యావంతుడు కాదు, సభ్యుడు కాదు, ఇల్లు. గుడిసెయైనను, మేడయైనను, పన్ను పరిధిలోనికి వచ్చిన ప్రతి యిల్లును గ్రంథాలయ పోషకురాలే. మరి గ్రంథము నిచ్చునప్పుడు లెక్కకు వచ్చునది ఇల్లు కాదు. ధరావతు చెల్లించి చీటి పుచ్చుకొనిన వ్యక్తి. ఇచ్చునప్పుడు ఇల్లు, పుచ్చుకొనునప్పుడు వ్యక్తి - ఈ వ్యత్యాసమును నేను శాసనదోషముగా చెప్పుటలేదు. ఉద్యమకాలమునుండి వచ్చుచున్న లోపమునకు అది శాసనరూపమైన ఆనవాలు మాత్రమే.

నేడు పట్టణములలోని గ్రంథాలయములను చూచినవారికి రెండు వర్గముల పాఠకులు కనబడుదురు. ఉదయమున దినపత్రికలకై వచ్చు వృద్ధులు. దినమంతయు పోటీపరీక్షలకు తమ పుస్తకములనే తెచ్చుకొని చదువుకొను యువకులు, యువతులు. ఇరువురును గ్రంథాలయమునకు అర్హులే. ఇంటిలో చోటులేని విద్యార్థికి ఒక బల్ల, ఒక దీపము నిచ్చుట చిన్న సేవ కాదు. అయితే ఈ యిరువురికిని బీరువాలతో పని తక్కువ. చేతికెత్తుకొనిన బిడ్డతో తల్లియు, అక్షరములు కూడబలుకుకొను పిల్లవానితో తాతయు వచ్చినప్పుడే బీరువాలు తెరువబడును.

కుటుంబము కలసి గ్రంథాలయమునకు పోవుటవలని లాభములను చెప్పువారు తరచుగా పిల్లల చదువు బాగుపడునని చెప్పి ఊరకుందురు. అది నిజమే, కాని పైపై నిజము. పిల్లవాడు గ్రంథాలయమున చూచునది పుస్తకమునుమాత్రమే కాదు. తన తండ్రి తెలియని విషయమునకై వెదకుచుండుటను చూచును. ఇంటిలో తండ్రి అన్నియు తెలిసినవాడు. గ్రంథాలయమున ఆయన సూచిక తిరుగవేయును, గ్రంథపాలకుని అడుగును, దొరకక నిట్టూర్చును, మరల వెదకును. తెలియకపోవుట సిగ్గుపడవలసినది కాదని బిడ్డకు బోధించుటకు దీనికన్న మంచి చోటు నాకు తోచదు. అచ్చమాంబ నేర్చినదియు ఇట్లే: ఎవరో కూర్చుండబెట్టి బోధింపగా కాదు, చదువుచున్నవాని ప్రక్కన కూర్చుండి. తల్లి విషయమున లాభము ఎన్నికయందున్నదని పైన చెప్పితిని. పెద్దల మాట చెప్పవలెనన్నచో, చూపు మందగించిన అవ్వకు గ్రంథము కొనిపోవుట వేరు, ఆమెను వెంటబెట్టుకొని వచ్చి ఏది చదివి వినిపింపుమందువని అడుగుట వేరు. చిలకమర్తివారి వంటివారికి చదివి వినిపించినవారు ఇంటింట ఒకరుండవచ్చును.

ఇంతకన్నను ముఖ్యమైనది గ్రంథాలయమునకు కలుగు మార్పు. ఒక్కడే వచ్చు పాఠకుడు ఉన్నదానితో సర్దుకొనును. కుటుంబము సర్దుకొనజాలదు. మంచినీరు కావలెను, మరుగుదొడ్డి కావలెను, పిల్లల కందు ఎత్తున బీరువా కావలెను, కార్యాలయముల పనివేళలతో ఢీకొనని సమయములు కావలెను, చిన్నపిల్లవాడు బిగ్గరగా చదివినచో కసరని గ్రంథపాలకుడు కావలెను. గ్రంథముల కొనుగోలును మారును. ఏ వయస్సువారు వచ్చుచున్నారో కంటబడనిచో, ఎంపిక సంఘములు ప్రకాశకుల పట్టికలనుబట్టి కొనును. కంటబడినచో అడిగినవారి మాటనుబట్టి కొనవలసివచ్చును. ఇండ్లనుండి ఇంటింటి మనుష్యులు వచ్చి అడుగుచున్నచో బకాయిపడిన పన్ను సొమ్మును గూర్చి అడుగువారును ఏర్పడుదురు.

ఈ వాదమునకు ఒక గట్టి ఆక్షేపణ గలదు. వ్యవసాయపు పనులలో తెల్లవారినది మొదలు పొద్దుగూకువరకు నలుగు ఇంటివారు అందరును కలసి గ్రంథాలయమునకు పోగలరా? పోలేరు. అందుచేతనే పడవయు, సంచియు, పెట్టెయు నేటికిని కావలెను. గ్రంథమును ఇంటికి పంపుటను మానవలెనని నా వాదము కాదు. అది ఆరంభము కావలసియుండగా మనవారు దానినే ముగింపుగా తలచిరని చెప్పుచున్నాను. పాతూరివారి పడవ రేవున ఆగినప్పుడు బుట్టతో వచ్చిన స్త్రీ తానే పడవలోనికి తొంగిచూచి గ్రంథము నెన్నుకొనినచో, ఆ రేవే గ్రంథాలయము. ఆమె యిల్లు గడప దాటి గ్రంథమునొద్దకు వచ్చినట్లే. పడవ యచ్చట ఎంతసేపు ఆగెడిది, ఎవరు వచ్చెడివారు అనునవి కావున చిల్లర విషయములు కావు.

పరిశోధక విద్యార్థులకు చివరగా ఒక సూచన చేయుదును. పాత గ్రంథాలయములలో గ్రంథముల నిచ్చిన చిట్టాలు ఇంకను కొన్ని మిగిలియున్నవి. వార్షిక నివేదికలకు, సభాధ్యక్షోపన్యాసములకు ఇచ్చు గౌరవమును మనము వీనికి ఈయలేదు. వీనిని చదువునప్పుడు ఒక జాగ్రత్త వలయును. చిట్టాలోని పేరు పుస్తకమును తీసికొనినవానిది. చదివినవారిది కావలెనను నియమము లేదు. ఒక గృహస్థుని పేర వరుసగా చరిత్ర గ్రంథములుండి, నడుమ ‘గృహలక్ష్మి’ సంపుటమొకటి, బాలల కథల పుస్తకమొకటి వచ్చినచో, అచ్చట మరియొక చేయి గ్రంథమును అందుకొనినదని గుర్తింపవలెను. ఏ యేడు మొదలుకొని స్త్రీల పేర్లు వారి పేర్లుగానే, ‘ఫలానివారి భార్య’ అను చేర్పు లేకుండ, చిట్టాకెక్కినవి? తండ్రి పేరను, కుమార్తె పేరను ఒకే తేదీన ఒకే చేతివ్రాతతో గ్రంథములు వ్రాయబడినవా? ఇంతవరకు గ్రామములవారీగా ఈ లెక్క తీయబడలేదు. చెదలు ఆ పని మనకన్న ముందుగా ఆరంభించినవి. ఛాయాచిత్రములు తీయించుటకు పెద్ద వ్యయము కాదు.